పక్క సీట్లో మనిషి

ఆర్కే బీచ్ ఒడ్డున పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ లోపలికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్ళాల్సిందే కదా, కానీ నాన్నతో కలిసి వెళ్ళింది మాత్రం ఒక్కసారే, ఆయన రిటైరైన ఏడాది. ఆ రోజు సంగతి ఆఖర్లో చెప్తా. ముందు ఇంకో మనిషి గురించి చెప్పాలి, ఆయన గురించి చదివాకే నాకు కుర్సురా వేరేగా కనిపించడం మొదలైంది.

ఆయన పేరు వాసిలీ ఆర్ఖిపోవ్. సోవియట్ నేవీలో వైస్ అడ్మిరల్ దాకా వెళ్ళిన సబ్‌మెరైన్ ఆఫీసర్. ఈ పేరు మీరు విని ఉంటే బహుశా ఏ వాట్సాప్ ఫార్వర్డ్‌లోనో రెండు నిమిషాల వీడియోలోనో విని ఉంటారు, మూడో ప్రపంచ యుద్ధం ఆపినాయన అని, అందరూ అణుబాంబు వేద్దామంటే ఈయనొక్కడే వద్దన్నాడని. నేనూ మొదట అలాగే విన్నా. వినగానే ఒళ్ళు జలదరించింది, కానీ తర్వాత ఒక డౌట్ పట్టుకుంది. ఒక మనిషి వద్దంటే మిగతావాళ్ళు ఎందుకు ఆగారు? యాభై డిగ్రీల వేడిలో ఊపిరాడక అరుస్తున్న కెప్టెన్, పక్కనున్నాయన "ఆగు" అంటే ఎందుకు వింటాడు? ఆ మాటకి అంత బరువు ఎక్కడ్నుంచి వచ్చింది? ఆ బరువు ఒక్క రాత్రిలో రాదు. అందుకే ఆయన కెరీర్ మొత్తం మొదట్నుంచీ చదివా.

1926 జనవరి 30న మాస్కో దగ్గర స్తారయా కుపావ్నా అనే చిన్న ఊళ్ళో రైతు కుటుంబంలో పుట్టాడు. కుర్రాడిగా పసిఫిక్ వైపు నేవల్ స్కూల్లో చేరాడు, 1945 ఆగస్టులో జపాన్ మీద సోవియట్ యుద్ధం మొదలైనప్పుడు మైన్‌స్వీపర్ మీద ఉన్నాడు, అంటే సముద్రంలో శత్రువు పెట్టిన మందుపాతరలు ఏరే ఓడ. అప్పటికి పందొమ్మిదేళ్ళు. తర్వాత కాస్పియన్ నేవల్ స్కూల్‌కి మారి 1947లో పాసయ్యాడు. అక్కడ్నుంచి సబ్‌మెరైన్లే. నల్ల సముద్రం, ఉత్తర సముద్రాలు, బాల్టిక్, ఒక ఫ్లీట్ తర్వాత ఇంకో ఫ్లీట్. ఈ పద్నాలుగేళ్ళ గురించి చెప్పుకోడానికి పెద్ద కథేం లేదు, పని నేర్చుకున్నాడు, అంతే.

అసలు విషయం 1961లో మొదలవుతుంది. కే-19 అనే కొత్త అణు సబ్‌మెరైన్‌లో ఆయన కెప్టెన్‌కి డిప్యూటీ. కెప్టెన్ పేరు నికొలాయ్ జతేయెవ్. బాలిస్టిక్ మిస్సైళ్ళు మోసే మొదటి సోవియట్ అణు సబ్‌మెరైన్ అది, అమెరికాతో పోటీలో హడావుడిగా కట్టేశారు. దానికి మొదట్నుంచీ కలిసిరాలేదు. 1959లో నీళ్ళలోకి దించేటప్పుడు కొట్టిన షాంపేన్ సీసా పగల్లేదట, కొబ్బరికాయ కొడితే కుళ్ళిపోయుంటే మన మనసు ఎలా పీకుతుందో నావికులకి అది అలాంటిది.

1961 జులై 4, ఉత్తర అట్లాంటిక్, గ్రీన్‌లాండ్ దక్షిణ కొన దరిదాపుల్లో ఉన్నారు. సబ్‌మెరైన్‌లో 139 మంది. తెల్లవారుజామున ఒక రియాక్టర్‌ని చల్లబరిచే సిస్టమ్‌లో లీకు, ప్రెషర్ జీరోకి పడిపోయింది, పంపులు ఆగిపోయాయి. రియాక్టర్ ఆపేశారు, కానీ రియాక్టర్ ఆపడమంటే స్విచ్ కట్టేసినట్టు కాదు, కట్టెల పొయ్యి మీద నీళ్ళు చల్లినా లోపల బొగ్గులు కణకణలాడుతూనే ఉంటాయి చూడండి, అలా ఇంధనం లోపల్నుంచి వేడి పుడుతూనే ఉంటుంది, ఎవరో ఒకరు దాన్ని చల్లారుస్తూ ఉండాలి. ఆ చల్లార్చడానికి ఉండాల్సిన రెండో ఏర్పాటు ఆ సబ్‌మెరైన్‌లో అసలు పెట్టనే లేదు. ఇంకో పక్క దూరం పోయే రేడియో యాంటెన్నా పాడైపోయింది, మాస్కోకి చెప్పే దారి కూడా లేదు.

ఇంజనీర్లు అక్కడికక్కడే ఒక ఐడియా వేశారు, గాలి వదిలే వాల్వ్ ఒకటి కోసేసి దానికి నీళ్ళ పైపు వెల్డింగ్ చేసి రియాక్టర్‌లోకి నీళ్ళు పంపాలి. ఆ వెల్డింగ్ చేయాల్సింది రియాక్టర్ గదిలో. రేడియేషన్ తట్టుకునే బట్టలు లేవు, కెమికల్స్ నుంచి కాపాడే సూట్లూ మాస్కులూ ఉన్నాయి, అవి వేసుకునే వెళ్ళారు. కొంచెం కొంచెం సేపు, వంతులవారీగా. బోరిస్ కోర్చిలోవ్ అనే లెఫ్టినెంట్ కుర్రాడు, మొదటిసారి సముద్రంలోకి వచ్చినవాడు, నేను వెళ్తానని ముందుకొచ్చాడు. పైపు పని చేసింది, రియాక్టర్ చల్లబడింది. లోపలికి వెళ్ళినవాళ్ళలో ఎనిమిది మంది మూడు వారాల లోపే చనిపోయారు, కోర్చిలోవ్ కూడా. ఆ తర్వాత ఇంకొంతమంది.

ఇక్కడ నేను ఆగేది రిపేర్ దగ్గర కాదు, అదే సమయంలో కెప్టెన్ చుట్టూ జరిగిన దాని దగ్గర. రేడియేషన్ సబ్‌మెరైన్ అంతా పాకుతోంది, జనం వాంతులు చేసుకుంటున్నారు, కొంతమంది ఆఫీసర్లు కెప్టెన్ దగ్గరికొచ్చి దగ్గర్లో జాన్ మాయెన్ అనే ద్వీపం ఉంది, అక్కడికి పోయి ఒడ్డెక్కుదాం, మనుషులైనా బతుకుతారు అన్నారు. జతేయెవ్ ఒప్పుకోలేదు, దక్షిణంగా వెళ్తే మన డీజిల్ సబ్‌మెరైన్లు ఉంటాయి, వాటిని కలుద్దాం అన్నాడు. తిరుగుబాటు వస్తుందేమోనని భయం పట్టుకుంది ఆయనకి. చిన్న ఆయుధాలన్నీ సముద్రంలో పారేయించి, కొన్ని పిస్తోళ్ళు మాత్రం ఉంచి, తను నమ్మిన ఆఫీసర్లకి ఇచ్చాడు. ఆ నమ్మినవాళ్ళలో డిప్యూటీ ఆర్ఖిపోవ్ ఒకడు. చివరికి జతేయెవ్ లెక్కే నిజమైంది, ఎస్-270 అనే డీజిల్ సబ్‌మెరైన్ దొరికింది, మనుషుల్ని దాంట్లోకి మార్చారు.

ఒక్కసారి ఆ డిప్యూటీ జాగాలో నిలబడి చూడండి. నిర్ణయం తనది కాదు. కెప్టెన్ తప్పు చేస్తున్నాడేమో అని లోపల అనుమానం వచ్చే ఉంటుంది, ఎవరికైనా వస్తుంది. అవతల కళ్ళముందు చచ్చిపోతున్న కుర్రాళ్ళు, తోటి ఆఫీసర్ల ఒత్తిడి. అలాంటప్పుడు రెండో స్థానంలో ఉన్న మనిషి అటు ఒరిగితే ఓడ మొత్తం అటు ఒరుగుతుంది. ఆయన ఒరగలేదు.

ఒడ్డుకొచ్చాక అందరి నోళ్ళూ మూయించారు. ఎక్కడా మాట్లాడొద్దు, ఇంట్లో కూడా చెప్పొద్దు. కే-19కి మాత్రం నావికులు వాళ్ళలో వాళ్ళు "హిరోషిమా" అని పేరు పెట్టుకున్నారు. ఆర్ఖిపోవ్ ఒంట్లోకీ రేడియేషన్ వెళ్ళింది. సెలవు పెట్టి ఇంట్లో కూర్చోలేదు, ఏడాది తిరిగేసరికి 69వ సబ్‌మెరైన్ బ్రిగేడ్‌కి చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయ్యాడు.

1962 అక్టోబర్ 1, రష్యా ఉత్తరం కొసన కోలా ద్వీపకల్పంలో సాయ్దా బే నుంచి చీకట్లో నాలుగు సబ్‌మెరైన్లు బయల్దేరాయి. బీ-4, బీ-36, బీ-59, బీ-130. నాలుగూ ఫాక్స్‌ట్రాట్ క్లాస్, అంటే ఆ రకం డీజిల్ సబ్‌మెరైన్లు. మన కుర్సురా కూడా ఇదే క్లాసు, 1969 డిసెంబర్‌లో రీగాలో మన నేవీలో చేరింది, 2001 దాకా పనిచేసింది. కాబట్టి ఆర్ఖిపోవ్ ఎలాంటి గొట్టంలో ఉన్నాడో చూడాలంటే రష్యా పోనక్కర్లేదు. 91 మీటర్ల పొడవు, డెబ్బై ఎనభై మంది మనుషులు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంతలోంచి ముందు ఒక కాలు పెట్టి తల వంచి దూరాలి, చేయి ఎటు చాపినా ఏదో ఒక చక్రమో పైపో తగుల్తుంది. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. మనుషులు పడుకునే బెర్తులు టార్పెడోల పక్కనే.

అప్పుడు ఒక్కో సబ్‌మెరైన్‌లో 22 టార్పెడోలు, అందులో ఒకటి వేరే. దాని ముక్కులో అణుబాంబు, హిరోషిమా మీద వేసినదాని దరిదాపు శక్తి. ఎక్కడికి వెళ్తున్నారో బయల్దేరేటప్పుడు కెప్టెన్లకే చెప్పలేదు, సముద్రంలోకి వచ్చాక సీల్డ్ కవర్లు విప్పితే క్యూబా అని తెలిసింది. సోవియట్ వాళ్ళు క్యూబాలో పెట్టిన అణు మిస్సైళ్ళ మీద అమెరికాతో గొడవ యుద్ధం దాకా ముదిరిన నెల అది, క్యూబా సంక్షోభం అంటారే, అదే. మరి ఆ టార్పెడో ఎప్పుడు వాడాలి? ఈ విషయం మీద ఒడ్డున నోటిమాటగా చెప్పింది ఎంత గజిబిజిగా ఉందంటే, బతికొచ్చిన కెప్టెన్లు తర్వాత తలోరకంగా గుర్తు తెచ్చుకున్నారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

ఆర్ఖిపోవ్ ఎక్కింది బీ-59. దాని కెప్టెన్ వాలెంటిన్ సావిట్స్కీ. ఆర్ఖిపోవ్ బ్రిగేడ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్, అయినా ఇద్దరిదీ ఒకే ర్యాంకు, సబ్‌మెరైన్ మాత్రం సావిట్స్కీది. మళ్ళీ అదే జాగా గమనించారా, కెప్టెన్ సీటు ఇంకొకరిది, ఈయన పక్కన.

డీజిల్ సబ్‌మెరైన్ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నీళ్ళ కింద డీజిల్ ఇంజన్ నడవదు, దానికి గాలి కావాలి. కాబట్టి కింద ఉన్నంతసేపూ బ్యాటరీ మీదే నడుస్తుంది, బ్యాటరీ అయిపోతే పైకి రావాలి, లేదా పైకి ఒక గొట్టం పెట్టి గాలి పీల్చుకుంటూ ఇంజన్ నడిపి ఛార్జ్ చేసుకోవాలి. అంటే ఎంత లోతున దాక్కున్నా ఎప్పుడో ఒకప్పుడు ఊపిరి కోసం తల పైకి పెట్టక తప్పదు. వేటాడేవాడికి ఆ సంగతి తెలుసు, వాడు పైన కూర్చుని కాచుకుంటాడు, ఓపికుంటే చాలు.

పైగా ఇవి మంచు సముద్రాల కోసం కట్టినవి. ఏసీ లేదు. కరీబియన్ వైపు వచ్చేసరికి బయట నీళ్ళే గోరువెచ్చగా ఉన్నాయి, లోపల 45 నుంచి 50 డిగ్రీలు, ఇంజన్ గదిలో అంతకన్నా ఎక్కువ. తాగడానికి మనిషికి రోజుకి ఒక్క గ్లాసు నీళ్ళు. ఒంటినిండా చెమటపొక్కులు. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం కిటికీలు లేని గదిలో డీజిల్ వాసన మధ్య కూర్చున్నట్టు ఊహించుకోండి, అలా వారాల తరబడి.

అక్టోబర్ 27, శనివారం. ఆ రోజే క్యూబా మీద అమెరికా యూ-2 నిఘా విమానాన్ని మిస్సైల్‌తో కూల్చేశారు, పైలట్ చనిపోయాడు, ప్రపంచం అంచు మీద ఉంది. బీ-59ని అమెరికా విమానవాహక నౌక రాండాల్ఫ్, దాంతోపాటు డిస్ట్రాయర్లు పట్టేశాయి. చుట్టూ తిరుగుతూ చిన్న ప్రాక్టీస్ బాంబులు వేస్తున్నాయి, మునిగినవాణ్ణి పైకి రమ్మని పిలవడానికి. ఇలా పిలుస్తాం, ఇది సిగ్నల్ మాత్రమే అని అమెరికా ముందే మాస్కోకి పంపింది. ఆ కబురు సబ్‌మెరైన్లకి చేరనే లేదు. లోపలున్నవాళ్ళకి తెలిసిందల్లా బాంబులు పేలుతున్నాయనే. వాదిమ్ ఓర్లోవ్ అని బీ-59లో రేడియో నిఘా చూసే ఆఫీసర్, ఇనప పీపాలో కూర్చోబెట్టి బయట్నుంచి సమ్మెటతో బాదుతున్నట్టు ఉండేదని తర్వాత చెప్పుకొచ్చాడు. బ్యాటరీ అడుగంటింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయి డ్యూటీలో ఉన్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కుప్పకూలుతున్నారు. మాస్కోతో మాట లేదు. పైన యుద్ధం మొదలైందో లేదో తెలీదు.

ఓర్లోవ్ చెప్పిన ప్రకారం సావిట్స్కీ అక్కడ సహనం కోల్పోయాడు. పైన యుద్ధం మొదలైపోయి ఉంటుంది, మనం ఇక్కడ మొగ్గలేస్తున్నాం, మనం చచ్చినా వాళ్ళందర్నీ ముంచుదాం అని అరిచి, ఆ ప్రత్యేక టార్పెడో సిద్ధం చేయమన్నాడు. ఆర్ఖిపోవ్, కమ్యూనిస్టు పార్టీ తరఫున ఓడలో ఉండే రాజకీయ అధికారి మస్లెన్నికోవ్, సావిట్స్కీ మాట్లాడుకున్నారు. ఆర్ఖిపోవ్ ఆయన్ని చల్లబరిచాడు. సబ్‌మెరైన్ పైకి తేవాలని నిర్ణయించారు. వీడియోల్లో చెప్పే కథ ఇక్కడితో అయిపోతుంది.

కానీ ఆర్ఖిపోవ్ తనే 1997లో ఒక సమావేశంలో మాట్లాడినప్పుడు ఎక్కువగా చెప్పింది పైకి వచ్చిన తర్వాత జరిగినదాని గురించి. దాన్నీ, అవతల అమెరికా డిస్ట్రాయర్ కోనీ మీద ఉన్నవాళ్ళు చెప్పినదాన్నీ పరిశోధకులు పక్కపక్కన పెట్టి చూశాక వచ్చిన బొమ్మ నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. రాత్రి, బీ-59 పైకి తేలింది. సావిట్స్కీ, ఆర్ఖిపోవ్ కానింగ్ టవర్ పైకి, అంటే సబ్‌మెరైన్ వీపు మీద గోపురంలా లేచి ఉండే భాగం పైకి, అక్కడ నిలబడి చుట్టూ చూసే బ్రిడ్జి మీదకి ఎక్కారు. రోజుల తరబడి ఆ మసక వెలుతురులో ఉండి వచ్చిన కళ్ళు. పైన విమానాలు తల మీద నుంచి ఎంత కిందగా పోతున్నాయంటే వంగి తప్పించుకోవాలనిపించేంత, సర్చిలైట్లు, నిప్పులు కక్కే ఫ్లేర్లు, పేలుళ్ళు. ఆ విమానాలు ఫొటోల కోసం వెలుగు పుట్టిస్తున్నాయి. సావిట్స్కీకి కళ్ళు బైర్లు కమ్మాయి, దాడి చేస్తున్నారనుకున్నాడు, అర్జెంటుగా మునగండి, టార్పెడో రెడీ చేయండి అని అరుస్తూ కిందకి దిగబోయాడు.

దిగలేకపోయాడు. కానింగ్ టవర్‌లో కిందకి దిగడానికి ఒక్క నిచ్చెన, ఒక్క మనిషి పట్టే గొట్టం. అందులో సిగ్నల్ దీపం పట్టుకున్న నావికుడు ఒకడు ఇరుక్కుపోయాడు. చేతిలో దీపం, కిందకీ పోలేడు, పైకీ రాలేడు. ఎంతసేపు? కొన్ని క్షణాలు అయ్యుంటుంది. ఆ కొన్ని క్షణాలు ఆర్ఖిపోవ్ ఇంకా పైనే బ్రిడ్జి మీద ఉన్నాడు, ఉండి చీకట్లో అటు చూశాడు. కోనీ మీద నుంచి లైటు వెలుగుతోంది ఆరుతోంది, వెలుగుతోంది ఆరుతోంది. సిగ్నల్ ఇస్తున్నారు. విమానం చేసిన పనికి క్షమించమని అడుగుతున్నారు. ఆయన సావిట్స్కీని ఆపాడు, వాళ్ళు సిగ్నల్ ఇస్తున్నారని చెప్పాడు.

పెద్ద పెద్ద డైలాగులేం లేవు ఇందులో. ఒక మనిషి దాడిని చూశాడు, పక్కనున్న మనిషి దీపాన్ని చూశాడు. ఇద్దరూ అదే వేడిలో ఉడికారు, ఇద్దరికీ అదే నిద్రలేమి. సావిట్స్కీని చెడ్డవాడిగా చూపించేవాళ్ళంటే నాకు కోపం. ఆయన భుజాల మీద అంతమంది ప్రాణాలున్నాయి, తన ఓడని కాపాడుకోవాలని చూశాడు. పైగా ఆగు అంటే ఆగాడు, అది కూడా చిన్న విషయం కాదు, తన ఓడ మీద తన మాటే చివరి మాట అయ్యుండి ఆగాడు. అక్కడ ఆగమన్నది కే-19 నుంచి వచ్చిన మనిషి కాబట్టి ఆగాడని నా నమ్మకం. నోరు విప్పొద్దన్న రహస్యమే అయినా సబ్‌మెరైన్ల వాళ్ళలో ఆ సంగతి తెలియనివాళ్ళు ఉంటారా? రేడియేషన్‌తో మనుషులు ఎలా చచ్చిపోతారో కళ్ళతో చూసినవాడు, తిరుగుబాటు గాలిలో కెప్టెన్ పక్కన కదలకుండా నిలబడినవాడు ఇప్పుడు వద్దంటున్నాడంటే అది పిరికితనంతో అన్న మాట కాదని సావిట్స్కీకి తెలుసు. కెప్టెన్‌ని మోయడం తెలిసినవాడికే కెప్టెన్‌ని ఆపే హక్కు వస్తుందేమో.

నాన్న రైల్వేలో డీజిల్ అసిస్టెంట్‌గా చేరారు, ఇప్పుడు అసిస్టెంట్ లోకో పైలట్ అంటున్నారు కదా, అదే. పదకొండేళ్ళు ఆ పక్క సీట్లోనే ఉన్నారు, తర్వాతే గూడ్స్ నడిపారు. ఇంజన్‌లో ఇద్దరూ ప్రతి సిగ్నల్నీ చెయ్యి చాపి చూపిస్తూ పైకి గట్టిగా చెప్పుకోవాలి, ఒకరు చెప్తే ఇంకొకరు తిరిగి చెప్పాలి. చిన్నప్పుడు నాకు అది విచిత్రంగా ఉండేది, ఇద్దరికీ కళ్ళున్నాయి, ఇద్దరికీ కనిపిస్తోంది, మళ్ళీ చెప్పుకోడం ఎందుకు అని అడిగితే, "కనిపించడం వేరు, చూడ్డం వేరురా, పదహారు గంటలు మేలుకున్న కంటికి ఎరుపు కూడా పచ్చగా కనపడొచ్చు" అనేవారు. అసిస్టెంట్ వైపు కూడా ఎమర్జెన్సీ బ్రేక్ ఉంటుంది. డ్రైవర్ ఎంత సీనియర్ అయినా సరే, పరిస్థితి అలా వస్తే అసిస్టెంట్ అది లాగాలి. నాన్న తన సర్వీసులో ఒక్కసారి లాగారని అమ్మ చెప్పింది, ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆర్ఖిపోవ్ కూడా ఇంట్లో చెప్పలేదు, చెప్పే వీల్లేదు కూడా. బీ-59 పైన ఉండి బ్యాటరీలు ఛార్జ్ చేసుకుని, తర్వాత మళ్ళీ మునిగి అమెరికన్ల చేతిలోంచి తప్పించుకుని ఇంటిదారి పట్టింది. నాలుగింట్లో మూడు అమెరికన్ల కళ్ళముందు పైకి రావాల్సొచ్చింది, బీ-4 ఒక్కటే తప్పించుకుంది. ఇంటికొచ్చాక శాలువాలేం కప్పలేదు. పైకి ఎందుకొచ్చారని తిట్లు. ఒక అడ్మిరల్ అయితే మీరు ఓడతోపాటు మునిగిపోయి ఉంటే బాగుండేది అన్నాడట. అప్పటి రక్షణశాఖ ఉపమంత్రి గ్రెచ్కో, ఇవి అణు సబ్‌మెరైన్లు కదా లోతుకి పోకుండా పైకి ఎందుకొచ్చారని అడిగి, కాదు సార్ డీజిల్‌వి అని చెప్తే కళ్ళజోడు తీసి బల్లకేసి కొట్టాడని ఆ కెప్టెన్లలో ఒకాయన చెప్పాడు. పంపినవాళ్ళకే ఏం పంపారో తెలీదు! ఆ వేడిలో స్పృహ తప్పి పడిపోయిన కుర్రాళ్ళని తలుచుకుంటే ఈ ముక్క దగ్గర నాకు ప్రతిసారీ ఏడుపొస్తుంది.

మరి ఆర్ఖిపోవ్ ఏం చేశాడు? మర్నాడు డ్యూటీకి వెళ్ళాడు, మాటవరసకి అంటున్నా, కానీ అంతే. అలిగి రాజీనామా చేయలేదు, పుస్తకం రాయలేదు. సబ్‌మెరైన్లు, తర్వాత స్క్వాడ్రన్లు కమాండ్ చేశాడు, 1975లో రియర్ అడ్మిరల్ అయ్యాడు, తర్వాత బాకూలో కిరోవ్ నేవల్ స్కూల్‌కి అధిపతిగా వెళ్ళాడు. అదే కాస్పియన్ స్కూల్, 1947లో తను కుర్రాడిగా పాసై బయటికొచ్చింది. 1981లో వైస్ అడ్మిరల్, ఎనభైల మధ్యలో రిటైర్మెంట్. ఆ స్కూల్లో ఆయన కింద చదువుకున్న కేడెట్లకి, పొద్దున్నే పరేడ్‌లో ఎదురుగా నిలబడ్డ ఈ నెమ్మదస్తుడు 1962లో ఎక్కడున్నాడో తెలుసుంటుందా? నాకు ఎక్కువగా ఊహించుకోవాలనిపించేది ఆ పరేడ్ గ్రౌండే.

1998 ఆగస్టు 19న చనిపోయాడు, కిడ్నీ క్యాన్సర్. 72 ఏళ్ళు. కే-19 కెప్టెన్ జతేయెవ్ సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత, ఆగస్టు 28న పోయాడు. ఆయనకీ 72. ముప్ఫై ఏడేళ్ళ కింద ఒకే గాలి పీల్చిన ఇద్దరు మనుషులు.

ప్రపంచానికి తెలిసింది ఆ తర్వాతే. 2002 అక్టోబర్‌లో, క్యూబా సంక్షోభానికి నలభై ఏళ్ళైన సందర్భంగా హవానాలో సమావేశం పెట్టారు, కెనెడీ దగ్గర రక్షణ మంత్రిగా చేసిన మెక్‌నమారా కూడా వచ్చాడు. ఆ రాత్రి వాళ్ళు తరిమిన సబ్‌మెరైన్‌లో అణు టార్పెడో ఉందన్న సంగతి అప్పటికి గాని బయట జనానికి బాగా తెలిసిరాలేదు. 2017లో అదే అక్టోబర్ 27న లండన్‌లో ఫ్యూచర్ ఆఫ్ లైఫ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆయన పేరున 50,000 డాలర్ల అవార్డు ఇచ్చారు, కూతురు ఎలెనా, మనవడు సెర్గేయ్ అందుకున్నారు. ఆయన పోయి అప్పటికి పందొమ్మిదేళ్ళు.

కుర్సురా సంగతి చెప్తానన్నా కదా. నాన్న రిటైరైన ఏడాది డిసెంబర్‌లో, ఒక పొద్దున్నే జనం రాకముందు వెళ్ళాం. లోపల మాజీ నేవీ ఆయన ఒకరు గైడుగా ఉన్నారు, ఇంజన్ గదిలో ఆయనా నాన్నా డీజిల్ ఇంజన్ల గురించి ఎంతసేపు మాట్లాడుకున్నారంటే వెనక వచ్చిన స్కూల్ పిల్లలు మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయారు. అప్పటికే నేను ఈ బీ-59 కథంతా నాన్నకి దారిలో చెప్పా. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న అడిగారు, ఆ దీపం పట్టుకున్న కుర్రాడి పేరేంటి అని. నా దగ్గర జవాబు లేదు.

కంట్రోల్ రూమ్‌కి వచ్చాం. పెరిస్కోప్ దగ్గర అందరూ ఫొటోలు దిగుతారు, నాన్న అటు పోలేదు. పక్కన కానింగ్ టవర్‌లోకి ఎక్కే ఇనప నిచ్చెన ఉంటుంది, దాని కింద నిలబడి తల పూర్తిగా వెనక్కి వంచి పైకి చూశారు. కాసేపటికి రెండు మోచేతులూ ఒంటికి దగ్గరగా ముడిచి, దీపం పట్టుకున్నట్టు చేతులు ముందుకు పెట్టి, ఆ గొట్టం కొలతలో తను పడతారా లేదా అని చూసుకున్నారు.

"పట్టదురా" అన్నారు. "దీపం వదిలేస్తే దిగిపోవచ్చు. వాడు వదల్లేదు."